కాగితం మీద ముద్ర ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో మిరపకోతలు మొదలయ్యే రోజుల్లో కూలీల గడపకు ఇద్దరు మనుషులు వస్తుంటారు. ఒకడు కోతకు పిలిచే మేస్త్రి. రెండోవాడు బాకీ గుర్తు చేసే షావుకారు మనిషి. ఈ మధ్య మూడో మనిషి కూడా వస్తున్నాడు. ఆయన పోస్టుమాను. తెచ్చేది లాయరు నోటీసు.

అలాంటి నోటీసు పట్టుకుని ఒక పెద్దమ్మ మా దగ్గరకొచ్చింది. పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. భర్త ఆపరేషన్‌కు ముప్పై వేలు అప్పు తెచ్చింది. రెండేళ్లు పత్తి తీసిన డబ్బులూ, మిరపకాయలు కోసిన డబ్బులూ తీసుకుపోయి ఆ చేతిలోనే పోసింది. ఒక్క చీటీ ముక్క ఇవ్వలేదు, ఈమె అడగలేదు. ఇప్పుడు నోటీసులో అసలే రెండు లక్షలని ఉంది, వడ్డీ వేరే.

"నోటు మీద రెండు లక్షలని ఎవరు రాశారు పెద్దమ్మా?" అని అడిగాం.

"నాకేం తెలుసు నాయనా. వేలేసినప్పుడు అందులో రాత లేదు. అచ్చుకాగితం, కింద బిళ్ల. బిళ్ల మీద వెయ్యమన్నారు, ఏశా. సర్కారు బిళ్ల మీద ఏసినాక ఇంకేం మాట్లాడతాం?"

అసలు జబ్బు ఈ ఆఖరి మాటలో ఉంది. బిళ్ల సర్కారుది కాబట్టి దాని కింద రాసిందంతా సర్కారు ఒప్పుకున్న నిజమేనని మన జనం నమ్ముతున్నారు. వడ్డీ వ్యాపారి బలంలో సగం ఈ నమ్మకమే. కాబట్టి ఏ ముద్ర ఏం చెబుతుందో, ఏం చెప్పదో కూలి జనం అందరికీ తెలిసేలా చర్చించాల్సిన అవసరం ఉంది.

నాలుగు ముద్రలు, నాలుగు మాటలు

మొదటిది రెవెన్యూ బిళ్ల. ఇది 1899 నాటి స్టాంపు చట్టం కింద ప్రభుత్వానికి చెల్లించే పన్ను. "ఈ కాగితానికి పన్ను కట్టారు" అనేదే అది చెప్పే మాట. పైన రాసిన అంకె నిజమని గానీ, డబ్బు చేతులు మారిందని గానీ అది చెప్పదు.

రెండోది స్టాంపు పేపరు, మన వాళ్లు బాండు పేపరు అనేది. అదీ పన్నే. "బాండు పేపరు మీద రాసిచ్చావు, ఇక నీ పని అయిపోయింది" అని బెదిరిస్తారు. చట్టం ఒప్పుకోని షరతును వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసినా అది చెల్లదు. పాత స్టాంపు పేపర్లు దాచి వెనక తేదీలు వేసే విద్య కూడా ఒకటుంది. ఆరు నెలల గడువు అనేది వాడని పేపరుకు డబ్బు వాపసు అడగడానికే గానీ, ఆ పేపరు మీద రాయకూడదని కాదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అయితే పాత పేపరు వాడటం ఆ కాగితాన్ని అనుమానించడానికి ఒక ఆధారం కావచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. కాబట్టి పేపరు ఎప్పుడు కొన్నారో, ఎవరి పేరున కొన్నారో చూడటం మనం నేర్చుకోవాలి.

మూడోది నోటరీ ముద్ర. "ఈ మనిషి నా ఎదుట సంతకం పెట్టాడు" అనేవరకే దాని సాక్ష్యం. నోటరీ కాగితంతో భూమి హక్కు ఒకరి నుంచి ఇంకొకరికి మారదు.

నాలుగోది సబ్‌రిజిస్ట్రారు ముద్ర. అన్నిటికన్నా బరువైనది ఇదే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకుమించి విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కాకపోతే హక్కు మారదు. కానీ రిజిస్టరు అయినంత మాత్రాన అమ్మినవాడికి ఆ భూమి మీద నిజంగా హక్కు ఉందని కాదు. హక్కు ఉందా లేదా అని తేల్చే అధికారం రిజిస్టరు చేసే అధికారికి లేదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అగ్రిమెంటు, పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా మూడూ కలిపి రాయించుకున్నా అమ్మకం కాదని అదే కోర్టు 2011లోనే చెప్పింది.

అంటే నాలుగు ముద్రల్లో ఒక్కటి కూడా లోపలి రాత నిజమని హామీ ఇవ్వదు. మరి ఈ భయం మనకు ఎక్కడినుంచి వచ్చింది?

లక్క ముద్ర వారసత్వం

ఇంగ్లాండులో పాతకాలపు చట్టం ఒకటుండేది. లక్క కరిగించి ముద్ర కొట్టి అప్పగించిన దస్తావేజుకు ప్రత్యేకమైన శక్తి ఉండేది. ప్రతిఫలం ముట్టకపోయినా ఆ మాటకు రాసినవాడు కట్టుబడాల్సిందే. మామూలు మనిషి దస్తావేజుకు ముద్ర ఉండాలన్న నియమాన్ని ఆ దేశమే 1989లో చేసిన చట్టంతో వదిలేసింది.

మన దేశంలో తెల్లవాళ్లు పెట్టిన 1872 కాంట్రాక్టు చట్టం ముద్రకు అలాంటి శక్తి ఇవ్వనేలేదు. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదని, కొద్ది మినహాయింపులతో, 25వ సెక్షను చెబుతుంది. ఒత్తిడితో, మోసంతో, పెద్దరికం అడ్డం పెట్టుకుని రాయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు ఆ చట్టంలోనే ఉంది. చట్టం వదిలిపెట్టిన లక్క ముద్రను షావుకారు మాత్రం మన బుర్రల్లో ఇంకా కొడుతూనే ఉన్నాడు.

ఖాళీ నోటు: చట్టం ఎవరి పక్షం?

అయితే ముద్ర ఉత్తదే గదా అని ధీమాగా కూర్చుంటే అంతకన్నా పెద్ద ప్రమాదం. ముద్రకు లేని బలం మన వేలిముద్రకు ఉంది. ఇది ప్రతి కూలీ గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

ప్రోనోటును నడిపేది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. దానిలో 20వ సెక్షను ఏమంటుందంటే, బిళ్ల అంటించిన ఖాళీ కాగితం మీద, లేక సగం నింపిన కాగితం మీద సంతకం చేసి ఇస్తే, ఆ బిళ్ల పరిమితి మేరకు దాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టే. రాయలేని మనిషి వేలిముద్ర కూడా సంతకం కిందే లెక్క. 118వ సెక్షను ఇంకో అడుగు వేస్తుంది: నోటు మీద సంతకం నీదని తేలితే, డబ్బు ముట్టిందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. ముట్టలేదని చూపించాల్సిన బరువు నీ మీద పడుతుంది.

ఈ చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నది కలకత్తా, బొంబాయి వర్తకులు. ఒక వర్తకుడు ఇంకో వర్తకుడికి ఖాళీ నోటు ఇస్తే తెలిసే ఇస్తాడు. ఆపరేషన్ థియేటరు బయట నిలబడిన కూలి మనిషికీ, సీజనులో లక్షలు తిప్పే వ్యాపారికీ ఒకే కొలత పెట్టారు. కాగితం ఇద్దరికీ ఒకటే, అవసరం మాత్రం ఒకటి కాదు.

చెక్కు సంగతి ఇంకా ఘోరం. పురుగుమందుల అరువుకూ, ఎరువుల అరువుకూ కౌలురైతు దగ్గర ఖాళీ చెక్కు తీసుకునే అలవాటు పెరిగింది. నోటు బాకీ సివిలు దావా. చెక్కు తిరిగొస్తే మాత్రం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులో మిగతా రాత వేరేవాళ్లు నింపినా బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

అదే 2019లో ఆ కోర్టే ఇంకో తీర్పులో మనకు పనికొచ్చే మాట కూడా చెప్పింది. ఈ ముందస్తు ఊహను కూలగొట్టవచ్చు. దానికి తిరుగులేని రుజువు అక్కర్లేదు, మన మాట నమ్మదగినదిగా కనపడితే చాలు. అంత డబ్బు ఇచ్చే తాహతు అవతలివాడికి ఉందా అని నిలదీయవచ్చు. అప్పు ఎందుకు చేశారు, ఆ రోజు ఎక్కడున్నారు, ఆసుపత్రి బిల్లు ఎంత, ఎవరి ఎదుట ఇచ్చారు అన్నవన్నీ సాక్ష్యాలే. మన పెద్దమ్మ ఆసుపత్రి కాగితాలు పారేయకుండా బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. ఇప్పుడు అవే ఆమెకు ఆయుధం.

మరో మోసం "చెల్లు". ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. గడువు తీరబోయే ముందు షావుకారు వచ్చి "వంద రూపాయలు ముట్టినట్టు వెనక రాసుకుంటా, వేలెయ్" అంటాడు. అది దయ అనుకుంటాం. ఆ వేలిముద్రతో గడువు మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. నోటు తిరగరాసినా అంతే, పైగా పాత వడ్డీ కొత్త అసలైపోతుంది.

తాకట్టు అనుకున్నాం, అమ్మకమని తేలింది

సెంటు భూమి లేని వాళ్ల కథ ఇదైతే, ఎకరా రెండెకరాల మెట్ట ఉన్నవాళ్ల కథ ఇంకొకటి. "తనఖా ఎందుకు, క్రయ దస్తావేజే రాయించు. డబ్బు కట్టినరోజు తిరిగి రాసిస్తా" అంటాడు ఆసామి. ఊరి పెద్దల ముందు మాట ఇస్తాడు. మరీ అనుమానపడితే విడిగా ఒక కాగితం రాసిస్తాడు.

1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షనుకు 1929లో ఒక షరతు చేర్చారు. తిరిగి రాసిస్తానన్న మాట అదే క్రయ దస్తావేజులో ఉంటే తప్ప ఆ లావాదేవీని తనఖాగా చూడకూడదు. విడి కాగితం మీద రాసినా తనఖా కాదు. తనఖా అయితే విడిపించుకోవడానికి 30 ఏళ్ల గడువు ఉండేది. విడి కాగితమైతే దాని తేదీలోగా డబ్బు కట్టాలి, లేకపోతే చేను పోయినట్టే. నోటి మాట నీటి మూట అని పెద్దలు ఊరికే అనలేదు.

రాసిన దస్తావేజుకు విరుద్ధంగా నోటి సాక్ష్యం ఒప్పుకోకూడదని 1872 సాక్ష్య చట్టంలో ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా అదే సూత్రం ఉంది. అందులోనే మనకో తలుపు కూడా ఉంది. మోసం, బెదిరింపు, ప్రతిఫలం ముట్టకపోవడం గురించి నోటి సాక్ష్యం చెప్పవచ్చు. అసలు ఆ దస్తావేజు అమలు కోసం రాసింది కాదు, ఉత్త నటనేనని చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 1981లో చెప్పింది. ఫలానా కాగితమని చెప్పి ఇంకో రకం కాగితం మీద వేలు వేయించుకుంటే అది మొదటి నుంచీ చెల్లనే చెల్లదని 1968లోనే చెప్పింది. కానీ దస్తావేజు రద్దు కోసం దావా వేయాల్సి వస్తే, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. "చూద్దాంలే" అని కూర్చున్నవాడికి ఏ తలుపూ తెరుచుకోదు.

కాగితం వెనక్కి చూసిన చట్టాలు

చట్టం ఎప్పుడూ కాగితం ముందే తలవంచి నిలబడలేదు. జనం కదిలినప్పుడల్లా కాగితం వెనక్కి కూడా చూసింది.

1875 మే నెలలో పూనా జిల్లా సూపా గ్రామంలో రైతులు షావుకార్ల మీద తిరగబడ్డారు. చాలాచోట్ల వాళ్లు అడిగింది ఒక్కటే: అప్పు పత్రాలు. చేతికొచ్చిన పత్రాలు తగలబెట్టారు. నాలుగేళ్లకు, 1879లో, దక్కను వ్యవసాయదారుల చట్టం వచ్చింది. బాకీ చరిత్రను మొదటినుంచి విచారించే అధికారం కోర్టుకు ఇచ్చింది. రైతు రాసే పత్రాలు గ్రామ రిజిస్ట్రారు ఎదుటే రాయాలంది.

పొదిలి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. కాబట్టి 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం మన తాతల బాకీలకు వర్తించిన చట్టమే. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. అసలుకు రెట్టింపు ముట్టి ఉంటే బాకీ తీరినట్టే అంది. తర్వాత 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్లు, చిన్న రైతులు ప్రైవేటు వ్యక్తులకు అప్పటికి పడిన బాకీలను రద్దు చేసింది. ఆ నోట్లన్నిటి మీదా బిళ్లలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి. అయినా చెల్లలేదు.

ఇవాళ్టికీ అమల్లో ఉన్నవి చూడండి. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం, అప్పు కింద మనిషి పనిచేయాలని రాయించుకున్న ఏ పత్రమూ చెల్లదు, ఆ అప్పు కూడా రద్దే. ఇది వెట్టి అప్పు అని కూలీ చెబితే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. ప్రోనోటు చట్టంలో మన మీద ఉన్న బరువు ఇక్కడ వాడి మీదకు మారుతుంది! పాలేరు జీతానికి ముందు డబ్బిచ్చి నోటు రాయించుకునేవాళ్లకూ, ఇటుక బట్టీ మేస్త్రీలకూ ఈ మాట వినిపించాలి.

1977 అసైన్డు భూముల చట్టం కూడా అలాంటిదే. భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమిని ఎవడు కొన్నా హక్కు రాదని, ఆ భూమిని వెనక్కి తీసుకుని పేదకే ఇవ్వవచ్చని చెప్పింది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డు భూముల మీద అసలు పట్టాదారులకు, వారసులకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. ఆ పేరుతో అక్రమాలు జరిగాయని 2024లో ప్రభుత్వమే అలాంటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగింది. పేదవాడికి రక్షణగా ఉన్న గోడకు కంత పెడితే ముందు దూరేది ఎవరో మనకు తెలిసిందే.

కాగితం ఒక దిక్కే నడుస్తోంది

ఇన్నేళ్లు సంఘంలో తిరిగాక మాకు అర్థమైన సంగతి ఇది. మన వేలిముద్ర వాళ్ల కాగితం మీద ఉంటుంది. వాళ్ల సంతకం మన కాగితం మీద ఉండదు.

అప్పు తీసుకుంటే నోటు రాయాలి, తీరిస్తే రశీదు లేదు. పొలం కౌలుకు చేస్తే ముందుగా డబ్బు కట్టాలి, కౌలు కాగితం లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కౌలురైతుకు కార్డు వస్తుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం దాని మీదే ఆధారపడి ఉంటాయి. యజమాని హక్కుకు భంగం లేదని చట్టంలోనే రాశారు. అయినా ఆసామి సంతకం పెట్టడు. "నీ మీద నమ్మకం లేకనా, కాగితాలెందుకు?" అంటాడు. అదే మనిషి మనకు అయిదు వేలిస్తే నమ్మకం చాలదు, నోటు కావాలి.

కాబట్టి మన పోరాటం కాగితానికి వ్యతిరేకం కాదు, కాగితం రెండు దిక్కులా నడవాలని.

ఏం చేయాలి?

ఒకటి. ఖాళీ నోటు, ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఇవ్వక తప్పని పరిస్థితిలో అంకె, అక్షరాలు, తేదీ, వడ్డీ మన కళ్లముందు నింపించాలి. చదివినవాడు చదివి వినిపించాకే వేలు వెయ్యాలి. నింపిన నోటును ఫోనులో ఫొటో తీసి సంఘం మనిషికి పంపాలి.

రెండు. డబ్బు కట్టినప్పుడల్లా ఆయన సంతకంతో రశీదు అడగాలి. వీలైతే బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పంపాలి. బాకీ తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోకుండా ఆ గడప దిగవద్దు.

మూడు. నోటీసు వస్తే దాచిపెట్టకండి, తిరిగి జవాబు ఇప్పించండి. సమను వస్తే 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతితో 90 రోజుల దాకా. పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. అదైనా 30 రోజుల్లో కొట్టేయించమని అడగవచ్చు. వడ్డీ అన్యాయంగా ఉందనిపిస్తే 1918 చట్టం కింద లెక్క తిరగదోడమని కోర్టును కోరవచ్చు.

నాలుగు. ఆడవాళ్లకూ, దళితులకూ, గిరిజనులకూ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకూ 1987 చట్టం కింద ఉచితంగా లాయరును పెట్టాలి. కోర్టులో ఉండే న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టండి. ఒక్క జాగ్రత్త: లోక్ అదాలత్‌లో రాజీ అయితే దాని మీద అప్పీలు లేదు. అక్కడా అర్థమయ్యాకే వేలు వెయ్యాలి.

అయిదు. డిక్రీ అయినా బెదరొద్దు. కూలీ నివసించే ఇల్లు, కూలి డబ్బులు, రైతు అరకా ఎడ్లూ విత్తనాలూ జప్తు చేయకూడదని సివిలు ప్రొసీజరు కోడ్ 60వ సెక్షను చెబుతుంది. డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. ఉత్త పేదరికం వల్ల కట్టలేని మనిషిని జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది. "రేపు అమీనాను తెచ్చి నీ ఇల్లు జప్తు చేయిస్తా" అనేవాడికి ఈ మాట చెప్పండి.

పెద్దమ్మ నోటీసుకు జవాబు వెళ్లింది. తీసుకున్నది ముప్పై వేలని, కట్టింది ఇంతని, వేలు వేసిననాడు నోటు ఖాళీగా ఉందని, ఆసుపత్రి కాగితాలు ఉన్నాయని రాయించాం. ఆమెతో పాటు కోతకు పోయే పదకొండు మంది ఆడవాళ్లు, డబ్బు కట్టడం కళ్లారా చూశామని సాక్ష్యానికి సిద్ధమయ్యారు. కేసు గెలుస్తామో లేదో ఇప్పుడే చెప్పలేం. జవాబు కాగితం మీద వేలు వేసే ముందు మాత్రం ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, "ఆగు నాయనా, ముందు మొత్తం చదువు, విననియ్" అంది.

ప్రతి పల్లెలో, ప్రతి కోత ముఠాలో ఈ మాట అలవాటు కావాలి. అందుకోసం చదువొచ్చిన మన పిల్లల్ని ముఠాకొకరిని పెట్టి కాగితాలు చదివించే పని ఈ కోతల సీజనులోనే మొదలుపెడదాం.